ఆ పెద్దాయన ఎందుకు చెప్పలేదు?

ఓ అమెరికన్ టీవీ సిరీస్‌లోని ఒక ఎపిసోడ్ ఇప్పటికి నాలుగైదు సార్లు చూసి ఉంటాను. నాన్నతో చూడటం మాత్రం పోయిన శనివారం రాత్రే మొదటిసారి. అదీ కలిసి చూద్దామనుకుని కూర్చున్నది కాదు. నేను టీవీలో పెట్టుకుంటే ఆయన పక్క కుర్చీలో పేపర్ తిరగేస్తూ, మధ్యమధ్యలో కళ్లద్దాల పైనుంచి ఓ చూపు వేస్తూ ఉన్నారు. కాసేపయ్యాక పేపర్ మడిచి ఒళ్లో పెట్టుకుని, "ఎవరమ్మా ఆ పెద్దాయన? ఇందాకట్నుంచీ చూస్తున్నా, మాట్లాడుతూనే ఉన్నాడు, ఒక్కడైనా వింటున్నట్టు లేడే" అన్నారు.

అంతే, అక్కణ్నుంచి ప్రశ్నలే ప్రశ్నలు. ముప్పావుగంట కూడా లేని ఎపిసోడ్‌కి మాకు రెండు గంటలు పట్టింది. ఆపడం, చెప్పడం, మళ్లీ నొక్కడం. అలా ఆపి ఆపి చెప్తుంటే ఇన్నిసార్లు చూసినా నాకు పట్టని విషయాలు ఆయనకి పట్టాయి, ఈ పోస్టు అందుకే రాస్తున్నాను. కథ మొత్తం చెప్పేస్తున్నా, చూడాలనుకునేవాళ్లు చూసొచ్చి చదవండి.

సిరీస్ పేరు 'ది వెస్ట్ వింగ్'. అమెరికాలో ఎన్‌బీసీ చానల్లో 1999 సెప్టెంబరు నుంచి 2006 మే దాకా ఏడు సీజన్లు వచ్చింది. శ్వేతసౌధంలో అధ్యక్షుడి చుట్టూ పనిచేసేవాళ్ల కథ. అధ్యక్షుడు బార్ట్‌లెట్‌గా మార్టిన్ షీన్ వేశాడు. నేను చెప్తున్నది రెండో సీజన్లో 17వ ఎపిసోడ్, 'ది స్టాక్‌హౌస్ ఫిలిబస్టర్', 2001 మార్చి 14న ప్రసారమైంది.

శుక్రవారం రాత్రి. కుటుంబాల ఆరోగ్యానికి సంబంధించిన ఓ పెద్ద బిల్లు, సుమారు 600 కోట్ల డాలర్లది, సెనేట్‌లో, అంటే అక్కడి పార్లమెంటు పెద్దల సభలో, ఓటింగ్‌కి రావాలి. గెలుపు ఖాయం. ఓటింగ్ అయిపోతే అందరూ ఊళ్లకి పోవచ్చు, ప్రెస్ సెక్రటరీ సీజే వాళ్ల నాన్న డెబ్భయ్యో పుట్టినరోజుకి కాలిఫోర్నియా వెళ్లాలి, అక్కడే పనిచేసే జాష్‌కి ఫ్లోరిడాలో బేస్‌బాల్ ప్రాక్టీసు చూడాలని ఉంది. సరిగ్గా అప్పుడు మిన్నెసోటా సెనేటర్ హోవర్డ్ స్టాక్‌హౌస్ లేచి నిలబడతాడు. 78 ఏళ్ల మనిషి. ప్రతిపక్షం కూడా కాదు, అధ్యక్షుడి సొంత పార్టీవాడే. నిలబడినవాడు ఇక కూర్చోడు. వంటల పుస్తకంలోంచి చదువుతాడు, డికెన్స్ నవల చదువుతాడు, పేకాట రూల్స్ చదువుతాడు. గంటలు గడిచిపోతుంటాయి.

"పిచ్చేమన్నానా?" అన్నారు నాన్న.

అది పిచ్చి కాదు, హక్కు అని చెప్పాల్సొచ్చింది. అమెరికా సెనేట్‌లో ఓ సభ్యుడికి మాట్లాడే అవకాశం దొరికాక, తనంతట తాను ఆపేదాకా ఆపించడం చాలా కష్టం. అలా మాట్లాడుతూ మాట్లాడుతూ ఓటింగ్ జరక్కుండా అడ్డుకోవడాన్నే ఫిలిబస్టర్ అంటారు. మొదట్లో దానికి అసలు అంతమే ఉండేది కాదు. 1917లో, మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో, వర్తక నౌకలకి ఆయుధాలు పెట్టే బిల్లుని కొద్దిమంది సెనేటర్లు ఇలాగే అడ్డుకుంటే అధ్యక్షుడు విల్సన్ మండిపడ్డాడు, దాంతో మూడింట రెండొంతులమంది ఒప్పుకుంటే చర్చ ముగించొచ్చని రూల్ తెచ్చారు. 1975లో దాన్ని అరవై ఓట్లకి తగ్గించారు. ఆ అరవై తెచ్చుకున్నా దానికో పద్ధతుంది, నోటీసివ్వాలి, రోజులు ఆగాలి. శుక్రవారం రాత్రి సెలవులకి పోవాల్సిన జనానికి అది జరిగే పని కాదు.

నిలబడ్డవాడికి మాత్రం నరకం. కూర్చోకూడదు, బయటికి పోకూడదు, అంటే బాత్‌రూమ్‌కి కూడా పోకూడదు. నోరు ఆపకూడదు. ఎపిసోడ్‌లో అయితే తినకూడదు, తాగకూడదు, దేనికీ ఆనుకోకూడదు అని కూడా చెప్తారు. నిజం సెనేట్‌లో మంచినీళ్లకీ పాలకీ అభ్యంతరం లేదు.

"మరి ఇంత కష్టపడి ఆపేది మంచి పనులకేనా?"

నాన్న ఈ ప్రశ్న అడిగినప్పుడు నేను టీవీ ఆపేశాను. ఈ ఎపిసోడ్‌తో నాకున్న ఒకే ఒక్క పేచీ ఇక్కడే ఉంది. మనసున్న ఓ ముసలాయన చేతిలో పెట్టి చూపించేసరికి ఫిలిబస్టర్ అంటే ఏదో గొప్ప ఆయుధం అనిపిస్తుంది. దాని చరిత్ర అలా లేదు. ఒక్కడే నిలబడి చేసిన ఫిలిబస్టర్లలో అన్నిటికంటే పొడవైనది 1957 ఆగస్టులో స్ట్రామ్ థర్మండ్ చేసింది, 24 గంటల 18 నిమిషాలు. దేనికోసం? నల్లవాళ్ల ఓటు హక్కుకి రక్షణ ఇచ్చే పౌరహక్కుల బిల్లుని ఆపడానికి. మధ్యలో బాత్‌రూమ్ అవసరం రాకుండా ముందే ఆవిరి స్నానాలు చేసి ఒంట్లో నీరు తగ్గించుకుని మరీ వచ్చాడు. ఇంతా చేస్తే బిల్లు పాసయింది.

1964లో పౌరహక్కుల చట్టాన్ని దక్షిణాది సెనేటర్లు వంతులేసుకుని అరవై పనిదినాలు ఆపారు. దాన్ని ముగించడానికి జూన్ 10న ఓటింగ్ పెట్టినప్పుడు జరిగింది నాన్నకి చెప్పాను. కాలిఫోర్నియా సెనేటర్ క్లెయిర్ ఎంగిల్‌కి మెదడులో కణితి. మాట పడిపోయింది. చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. ఆయన పేరు పిలిచారు. ఆయన నోట మాట రాలేదు. మెల్లగా చెయ్యెత్తి తన కంటిని చూపించాడు. వాళ్ల సభలో 'అవును' అనడానికి వాడే మాటా, ఇంగ్లిష్‌లో కంటి పేరూ పలకడానికి ఒకటే, 'ఐ'. ఆ ఓటు లెక్కలోకి వచ్చింది. 71–29తో చర్చ ముగిసింది. ఎంగిల్ ఆ తర్వాత రెండు నెలలు కూడా బతకలేదు.

నాన్న చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "సరే, పెట్టు. ఈయన సంగతేంటో చూద్దాం" అన్నారు.

ఈయన సంగతేంటంటే, ఆ బిల్లులో ఆటిజం పరిశోధనకి డబ్బు కలపమన్నాడు. 4.7 కోట్ల డాలర్లు. మొత్తం బిల్లులో ఒక్క శాతం కూడా కాదు. ముందే జాష్ ఆఫీసుకి వచ్చి అడిగాడు కూడా. జాష్ అంటే అధ్యక్షుడి దగ్గర డిప్యూటీ చీఫ్ ఆఫ్ స్టాఫ్, బిల్లులు గట్టెక్కించే మనిషి. ఇప్పుడు మళ్లీ తెరిస్తే ఒకరి తర్వాత ఒకరు తమదీ కలపమంటారు, ఇక వేళ మించిపోయింది అని చెప్పి పంపించేశాడు. జాష్ చెడ్డవాడేం కాదు. ఏ ఆఫీసులో అయినా, ఆఖరి నిమిషంలో "ఇది కూడా" అంటూ వచ్చే పెద్దవాళ్లతో మనం మాట్లాడేది అలాగే. నేనూ మాట్లాడాను.

దాంతో ఆ రాత్రి అక్కడ చిక్కుకుపోయిన వాళ్లందరికీ ఈ ముసలాయన మీద ఒళ్లు మండుతుంటుంది. మొండిఘటం, కుళ్లుబోతు, పేరుకోసం చేస్తున్నాడు అనుకుంటారు. కథంతా సీజే తన నాన్నకి రాసే మెయిల్‌లాగా సాగుతుంది, జాష్ వాళ్లమ్మకి రాస్తుంటాడు. ఈ పద్ధతి నాకు చాలా ఇష్టం. ఇంటికి వెళ్లలేకపోయిన పిల్లలు, ఎందుకు రాలేకపోయారో ఇంటికి రాస్తున్న ఉత్తరాలు. తాము ఎవరివల్ల ఆగిపోయారో ఆయన అక్కడ ఎవరికోసం నిలబడ్డాడో మాత్రం వాళ్లకింకా తెలీదు.

తెలిసేది డానా వల్ల. డానా జాష్‌కి అసిస్టెంటు, ఆ గదుల్లో అందరికంటే చిన్న ఉద్యోగం. ఇంత పంతం ఎందుకా అని ఆలోచించినది ఆమె ఒక్కతే. మిగతావాళ్లు ఆయన్ని ఎలా ఆపాలా అని చూస్తుంటే, ఆయన మనవళ్లలో ఎవరికైనా ఆటిజం ఉందేమో అని అడుగుతుంది. ఉంది.

ఇక్కడ నేను మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. మా అక్క కొడుకు, ఆరేళ్లవాడు. మేమంతా చిన్నోడనే పిలుస్తాం. వాడికి ఆటిజం. మాటలు ఇంకా సరిగ్గా రాలేదు, అక్క థెరపీకి తిప్పుతూనే ఉంది. వాడికి స్టీలు డబ్బా మూత ఒకటిచ్చి చూడండి. నేలమీద అంచు ఆనించి, రెండు వేళ్లతో ఒక్క తిప్పు తిప్పుతాడు. అది గిర్రున తిరుగుతుంటే చెంప నేలకి ఆనించి పడుకుని, దాని అంచు మీద లైటు మెరవడం చూస్తుంటాడు. మూత వేగం తగ్గి, పక్కకి ఒరిగి, గడగడా చప్పుడు చేస్తూ పడిపోయేలోపు, సరిగ్గా పడబోయే క్షణంలో అరచెయ్యి పెట్టి ఆపేస్తాడు. ఒక్కసారి కూడా పడనివ్వడు. గంటసేపైనా అంతే. పక్కన నాన్న కూడా నేలమీద కూర్చుని ఉంటారు, మోకాళ్ల నొప్పులున్నా సరే, ఇంకో మూత పట్టుకుని తన వంతు కోసం. వాడు ఎప్పుడైనా కళ్లు తిప్పి నాన్న చేతిలో మూత వైపు చూస్తే, ఆ రోజు ఇల్లంతా ఫోన్లలో చెప్పుకుంటాం.

నాన్న బయట ఎక్కడా ఈ మాట ఎత్తరు. స్నేహితులు మనవడి గురించి అడిగితే "బావున్నాడు" అంటారు, అంతకుమించి ఒక్క ముక్క రాదు. నాకూ అక్కకీ దీనిమీద ఆయనతో గొడవలు కూడా అయ్యాయి. ఇందులో సిగ్గుపడేదేముంది, ఎందుకు దాచడం అని.

అందుకే డానా ఆ మాట అన్నప్పుడు నేను టీవీ వైపు చూడలేదు, నాన్న వైపు చూశాను. ఆయన కదల్లేదు. నేనే అడిగాను, "ఇన్ని గంటలు నిలబడే బదులు నా మనవడికి ఆటిజం అని జాష్‌తో ఒక్క మాట అంటే సరిపోయేది కదా నాన్నా? అప్పుడే ఒప్పుకునేవాడు. ఎందుకు చెప్పలేదంటారు?"

"చెప్తే వాడి పేరు బయటికొస్తుంది. పొద్దున్నే పేపర్లో వాడి ఫొటో వేస్తారు. పెద్దయ్యాక ఎవరైనా వాణ్ణి చూసి, ఫలానా సెనేటర్ మనవడు, వాడేగా అంటారు. అడగాల్సింది ఈయన. వాణ్ణి చూపించి అడుక్కోవడమెందుకు?"

ఇన్నిసార్లు చూసిన నాకు ఈ కోణం తట్టలేదు. ముసలాయన మొండితనం అనుకున్నా, మహా అయితే ఆత్మాభిమానం అనుకున్నా. పిల్లాణ్ణి అడ్డుగా పెట్టుకోకుండా తన నడుముని పెట్టాడని అనుకోలేదు. అయినా నాన్నతో నేను పూర్తిగా ఒప్పుకోలేదు. చెప్పకపోతే జాష్ లాంటివాళ్లకి తెలిసేదెలా? తెలియకపోతే డబ్బు వచ్చేదెలా? అమెరికాలో నిజంగానే ఈ ఎపిసోడ్‌కి ఐదు నెలల ముందు, 2000 అక్టోబరులో క్లింటన్ సంతకం పెట్టిన పిల్లల ఆరోగ్య చట్టంలో ఆటిజం పరిశోధన భాగం ఉంది, 2006 డిసెంబరులో బుష్ సంతకంతో ఆటిజం కోసమే విడిగా ఒక చట్టం వచ్చింది. తల్లిదండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని, నోరు తెరిచి అడిగారు కాబట్టే అవి వచ్చాయి. ఈ మాట అంటే నాన్న, "తల్లీతండ్రీ చెప్పొచ్చు. తాతకి ఆ హక్కు లేదు" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

సరే, ఎపిసోడ్‌లోకి వస్తాను. కారణం తెలిశాక శ్వేతసౌధం దిగొస్తుంది, ఆయనకి సాయం చెయ్యాలనుకుంటారు. కానీ ఎలా? ఆయన మాట్లాడుతున్నాడు. ఆపితే ఓటింగ్ మొదలైపోతుంది. ఆపకుండా ఆయనకి కబురు చెప్పడం కుదరదు. ఆయనని కాపాడుతున్న రూలే ఆయన్ని ఒంటరిని చేసేసింది, ఇంకొంచెంసేపైతే పడిపోయేలా ఉన్నాడు. అప్పుడు ఆ రూల్స్‌లోనే చిన్న సందు దొరుకుతుంది. మాట్లాడుతున్న సభ్యుడు తన హక్కు వదులుకోకుండానే ఇంకొకర్ని ప్రశ్న అడగనివ్వచ్చు. ప్రశ్న మాత్రమే, ప్రసంగం కాదు. మరి ప్రశ్న ఎంత పొడుగుండాలి? దానికి హద్దు లేదు!

దాంతో సెనేటర్లలో తాతయ్యలు ఎవరెవరున్నారో వెతికి ఫోన్లు చేస్తారు. అర్ధరాత్రి. ఒకాయన లేచి, ఓ ప్రశ్న అడగొచ్చా అంటాడు. స్టాక్‌హౌస్ మొదట ఒప్పుకోడు, తనని దించడానికి వచ్చారనుకుంటాడు. నేనూ ఒక తాతనే అంటాడు వచ్చినాయన. నా ప్రశ్న చాలా భాగాలుగా ఉంటుంది, చాలాసేపు పడుతుంది అంటాడు. ఆ రెండో మాటతో ముసలాయన మొహంలో అర్థమైన సంగతి కనిపిస్తుంది చూడండి, జార్జ్ కో అనే నటుడు చేశాడు, ఒక్క డైలాగు లేకుండా. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు సభలోకి వస్తూనే ఉంటారు.

ఇదంతా సినిమా కబుర్లు అని కొట్టిపారేసేవాళ్లు నిరుటి సంగతి చూడండి. 2025 మార్చి 31 రాత్రి ఏడింటికి న్యూజెర్సీ సెనేటర్ కోరీ బుకర్ లేచి నిలబడి మర్నాడు రాత్రి దాకా 25 గంటల 5 నిమిషాలు మాట్లాడాడు. ఏ బిల్లునీ ఆపడానికి కాదు కాబట్టి దాన్ని ఫిలిబస్టర్ అనరు, కానీ థర్మండ్ రికార్డు పోయింది, అదీ ఓ నల్లజాతి సెనేటర్ చేతిలో. కూర్చోవాలన్న ఆశ పుట్టకుండా ముందే తన కుర్చీ తీయించేశాడు. తోటి సెనేటర్లు ఒక్కొక్కరే లేచి ప్రశ్నలు అడిగారు, పొడుగాటి ప్రశ్నలు, ఆయన గొంతుకి కాస్త ఊపిరి దొరికేట్టు. ప్రతిసారీ బుకర్ ఓ కాగితం తీసి అదే వాక్యం చదివాడు, మాట్లాడే హక్కు నా దగ్గరే ఉంచుకుని ప్రశ్నకి అనుమతిస్తున్నాను అని. పొరపాటున ఒక్క మాట తప్పినా హక్కు పోతుందన్న భయంతో. ఆ కాగితం తీసినప్పుడల్లా నాకు ఈ ఎపిసోడే గుర్తొచ్చింది.

సాయం కూడా నేరమయ్యే చోట్లున్నాయి. టెక్సస్ రాష్ట్ర సెనేట్ రూల్స్ ఇంకా కఠినం, ఆనుకోకూడదు, విషయం దాటి మాట్లాడకూడదు. 2013 జూన్‌లో అబార్షన్ ఆంక్షల బిల్లుకి వ్యతిరేకంగా వెండీ డేవిస్ దాదాపు 11 గంటలు నిలబడింది. నడుము పట్టేస్తే తోటి సెనేటర్ ఒకాయన నడుముకి పట్టీ బిగించడానికి సాయం చేశాడు. అది రూల్ ఉల్లంఘన అని ఓటు పెట్టి మరీ తేల్చారు. ఈ సంగతి చెప్తే నాన్నకి నిజంగా కోపం వచ్చింది. "నడుం నొప్పంటే పట్టీ కట్టడం కూడా తప్పేనా" అని కుర్చీలో ముందుకి జరిగారు. ఆ రాత్రి గడువు దాటిపోయి బిల్లు ఆగింది. తర్వాతి నెలలో మళ్లీ పెట్టి పాస్ చేసుకున్నారనుకోండి.

ఇప్పుడు ఇలా నిలబడే పని కూడా చాలావరకు పోయింది. 1970ల తర్వాత అరవై ఓట్లు లేవని తెలిస్తే చాలు, బిల్లుని పక్కన పెట్టేసి వేరే పని చూసుకుంటారు. ఎవరూ నోరు తెరవక్కర్లేదు, ఎవరి కాళ్లూ నొప్పెట్టవు. నాకు ఇదే ఎక్కువ బాధగా ఉంది. అడ్డుకునేవాడు కనీసం మనిషిగా కనిపించాలి, వాడి గొంతు బొంగురుపోవడం జనం వినాలి. అప్పుడేగా ఎక్కడో ఓ డానాకి, ఇంత కష్టం ఎందుకు పడుతున్నాడా అన్న అనుమానం వచ్చేది.

ఎపిసోడ్‌లో ఇంకా చాలా ఉంది. ఈజిప్టు వాళ్లిచ్చిన పిల్లి బొమ్మని సీజే పగలగొట్టడం, ప్రభుత్వ నివేదికల మీద, అధ్యక్షుడికి ప్రసంగాలు రాసే సామ్‌ని ఓ కుర్ర ఇంటర్న్ కడిగేయడం. ఉపాధ్యక్షుడి తీరు మీద కమ్యూనికేషన్స్ డైరెక్టర్ టోబీకి వచ్చే అనుమానం మాత్రం వదలకుండా చూడండి, తర్వాతి ఎపిసోడ్‌లో అధ్యక్షుడి జబ్బు బయటపడేది ఆ అనుమానంతోనే. నాన్నకి ఇవేవీ పట్టలేదు. టోబీ వచ్చినప్పుడల్లా "వాళ్లెక్కడ, ఆ పెద్దాయన దగ్గరికి వెళ్లరే" అంటూ ఉన్నారు.

అయిపోయింది. పేర్లు పడుతున్నాయి. నేను టీవీ కట్టబోతుంటే ఆగమన్నట్టు చెయ్యెత్తారు. ఇంకా ఏదో వస్తుందని చూస్తున్నారు. ఏం రాలేదు.

"ఆ పిల్లాణ్ణి చూపిస్తారనుకున్నా," అన్నారు.

"చూపించరు నాన్నా. ఎపిసోడ్ మొత్తంలో ఎక్కడా కనబడడు."

కాసేపు అలాగే కూర్చుని, "మంచిపని చేశారు" అన్నారు. తర్వాత లేస్తూ, కుర్చీ కింద పడున్న స్టీలు మూత తీసి, పొద్దున్న చిన్నోడొస్తాడని గుమ్మం పక్కన గూట్లో పెట్టారు.